జెండాల బొంత

"దీన్ని కుట్టినోళ్ల చేతులు ఇరగ్గొట్టాలె" అన్న మాట నర్సింహమ్మ మొదటిసారి విన్నది పక్కింటి మంజుల ఫోన్‌లో. అన్నవాడు పరాయివాడు కాడు, ఆమె ఒక్కగానొక్క కొడుకు ఐలేష్.

మధ్యాహ్నం అన్నం తిని, గడప దగ్గర చాప వేసుకుని, కళ్లద్దాలు సరిచేసుకుంటూ సూదిలో దారం ఎక్కిస్తోంది ఆమె. మంజుల కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉరికొచ్చింది.

"అక్కా, మన ఐలేష్‌ను చూస్తివా? ఫోన్లల్ల అంతటా ఆడే ఉన్నడు. మస్తు గరం మీదున్నడు."

ఫోన్‌లో ఐలేష్ ముఖం చెమటతో మెరుస్తోంది. వెనక సాగర్ రోడ్డు, పోయే వచ్చే బస్సులు. "అన్నలారా, అక్కలారా, చూడుర్రి. మన జెండాలను తెచ్చి కాళ్ల కింద ఏసిన్రు. బురద పూసిన్రు. గడపల పరిచి, తొక్కుకుంట లోపలికి రమ్మంటున్నరు. ఇది బొమ్మల పండుగ అంట! దీన్ని పెట్టినోళ్లనే గాదు, దీన్ని కుట్టినోళ్ల చేతులు ఇరగ్గొట్టాలె." ఆ మాట అని ఫోన్‌ను నేల వైపు తిప్పాడు.

నేల మీద ఒక బొంత. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. అన్నింటి మీదా నల్లటి మోరీ కాలువ బురద. మూల దగ్గర పిచ్చుక అడుగులా మూడు కుట్లు.

ఆ మూడు కుట్లు ఇబ్రహీంపట్నంలో వేసేది నర్సింహమ్మ ఒక్కతే.

ఇంకోసారి పెట్టమని చేత్తో సైగ చేసింది. మంజుల మళ్లీ పెట్టింది. ఈసారి కొడుకు మాట వినలేదు ఆమె, బురదనే చూసింది. "నేను కడిగిన గదా" అన్నది చివరికి, తనలో తను. "మూడు నీళ్లు పోసి కడిగిన గదా!"

ఏం కడిగావని మంజుల అడుగుతూనే ఉంది. నర్సింహమ్మ అప్పటికే చెప్పులేసుకుని సందు మలుపు దాటింది.

నర్సింహమ్మది మంచాల మండలం వైపు ఊరు. వాన పడితే పంట, పడకపోతే వలస. ఆముదాలు కొట్టి, జొన్న కోసి, పదిమందిలో ఒకతెగా పెరిగింది. పెద్ద చెరువులో చేపలు పట్టే బుగ్గయ్యకిచ్చి చేస్తే ఇబ్రహీంపట్నం వచ్చింది. చెరువు నిండిన ఏడు ఇంట్లో నవ్వులు, ఎండిన ఏడు బుగ్గయ్య ఇటుక బట్టీలకు, ఆమె కూలికి. ఐలేష్ బడికి పోయే వయసులోనే బుగ్గయ్య కామెర్లు ముదిరి దవాఖానలో పోయాడు. అతని ధోవతులూ తన పాత చీరలూ కలిపి ఆమె మొదటి బొంత కుట్టింది అప్పుడే. తండ్రి లేడని రాత్రుళ్లు ఏడ్చే పిల్లవాడికి అది కప్పితే నిద్ర పట్టేది. అది చూసి పక్కింటావిడ, పోయిన తన తల్లి చీరలు తెచ్చి ఇచ్చింది. ఆవిడను చూసి ఇంకొకరు. అట్లా మొదలైంది.

పోయినవాళ్ల చీరలు ఎవరూ కట్టుకోరు, పారేయడానికీ మనసొప్పదు. వాటిని నర్సింహమ్మకిస్తే పరుపు మీదికో, ఉయ్యాలలోకో, బాలింత కాళ్ల మీదికో వచ్చేవి. "చిరిగిన బట్టకు బొంతను మించిన గతి లేదు" అనేది ఆమె. ఆ మాటను నిజంగా నమ్మేది. కొనేవాళ్లు పట్నం దుప్పట్లకు అలవాటుపడ్డా, ఆమె దగ్గరికి వచ్చే మూటలు మాత్రం ఆగలేదు.

స్తుతి ఆమె దగ్గరికి ఒక మూటతోనే వచ్చింది. నర్సింహమ్మ పుట్టినూరి పిల్ల. హైదరాబాద్‌లో బొమ్మలు వేసే చదువు చదువుతోంది. పొట్టిగా కత్తిరించుకున్న జుట్టు, ముంజేతి దాకా రంగు మరకలు. ఊరి ఆడబిడ్డ కాబట్టి నర్సింహమ్మను అత్తా అని పిలిచేది. మూట విప్పేసరికి మోరీ వాసన గుప్పుమంది. లోపల అన్నీ జెండాలు.

"పంద్రాగస్టు అయిన తెల్లారి నుంచి ఏరుతున్న అత్తా" అన్నది స్తుతి. "మోరీలల్ల, చెత్త బండ్లల్ల, బస్టాండ్ల. ఇంటింటికి పంచిన్రు, ఫొటోలు దిగిన్రు, ఇడిసిపెట్టిన్రు. వీటితోని నాకో బొంత కుట్టియ్యాలె."

నర్సింహమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "జెండాలతోని బొంతనా? తప్పు గాదా బిడ్డా?"

"మోరీల ఇసిరేసినోళ్లకు లేని తప్పు, ఏరుకొచ్చి కుట్టేటోళ్లకు ఎట్ల ఉంటది?"

నర్సింహమ్మ ఒక జెండాను మూలతో ఎత్తి చూసింది. "ఎవలన్న కప్పుకుంటరా? కాళ్లకు తగులతది మరి."

"లేదత్తా. గోడకు కడ్త. అందరు నిలబడి చూస్తరు."

గోడకైతే సరే అన్నది నర్సింహమ్మ.

సబ్బుతో కడిగింది, వాసన పోలేదు. కుంకుడు రసంలో నానబెట్టి మళ్లీ కడిగింది. లంగాలు ఆరేసే దండెం మీద వాటిని ఆరేయడానికి మనసు రాక, ఇంట్లోనే తాడు కట్టి ఆరేసింది. అందుకే పక్కింటి మంజులకు కూడా సంగతి తెలియలేదు. నైలాన్ గుడ్డ, సూది జారుతుంది. అయినా ఓపిగ్గా కుట్టింది. చక్రం ఉన్న ముక్కలన్నీ ఏరి ఒకే వైపుకు పెట్టింది. అది తల పెట్టే వైపు, తలాపు. ఎవరూ కప్పుకోరని తెలిసినా, కాళ్ల వైపు చక్రం రాకూడదని ఆమె పట్టింపు.

ఐలేష్ తుర్కయాంజాల్‌లో భార్యతో కిరాయింట్లో ఉంటాడు. ఎల్‌బీ నగర్‌కు షేర్ ఆటో నడుపుతాడు. వచ్చినప్పుడల్లా తల్లి చేతిలో ఏదో ఒక బట్ట ఉండేదే. అదేమిటని అతను ఎన్నడూ అడగలేదు. ఆమె చెప్పాలనీ అనుకోలేదు.

జనవరిలో స్తుతి వచ్చి, తయారైన బొంతను విప్పి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "గింత అందంగ కుడ్తవనుకోలే అత్తా" అన్నది. జెండా పండుగ తర్వాత ఇబ్రహీంపట్నంలోనే బొమ్మలు పెడుతున్నాననీ, ఆ రోజు తనే వచ్చి ఆమెను తీసుకుపోతాననీ చెప్పి, బొంత పట్టుకుని వెళ్లింది. రాలేదు. వచ్చింది మంజుల, ఫోన్ పట్టుకుని.

సాగర్ రోడ్డు మీద ఖాళీగా ఉన్న ఒక షట్టర్ గదిని స్తుతి బొమ్మల కోసం అడిగి తీసుకుంది. నర్సింహమ్మ అక్కడికి చేరేసరికి రోడ్డు సగం నిండి ఉంది. ఆటోలు అడ్డదిడ్డంగా ఆగాయి. ఎవరో స్తుతి సంచీ లాక్కున్నారు. ఆమె షట్టర్ పక్కన గోడకు ఆనుకుని, రెండు చేతులూ ముందుకు చాపి ఏదో చెబుతోంది, అరుపుల్లో వినబడటం లేదు. లోపల గోడల నిండా ఫొటోలు. మోరీలో తేలే జెండా, చెత్త కుప్పలో కోడి కాళ్ల కింద జెండా, బస్సు చక్రం కింద జెండా. వాటిని ఎవరూ చూడటం లేదు. అందరి కళ్లూ గడప మీదే ఉన్నాయి.

గడపకు అడ్డంగా బొంత. లోపలికి పోవాలంటే దాన్ని తొక్కాలి, లేదా దూకాలి. చక్రాలున్న తలాపు వైపు సరిగ్గా బయటికి, చెప్పుల వైపు ఉంది. తొక్కినవాళ్లెవరో తొక్కారు కూడా. ఒక చక్రం మీద బూటు అచ్చు స్పష్టంగా పడింది.

అంతమందిని ఎట్లా తోసుకుని ముందుకొచ్చిందో నర్సింహమ్మకే తెలియదు. ఐలేష్ ఫోన్ ఎత్తి పట్టుకుని ఇంకా మాట్లాడుతున్నాడు. "దమ్ముంటే కుట్టినోళ్లు బయటికి రావాలె..."

ఆమె వంగి బొంత ఒక మూల పట్టుకుని లాగింది.

"అమ్మా! నువ్వెందుకొచ్చినవ్? దాన్ని ముట్టకు, పోలీసోళ్లు రావాలె" అన్నాడు ఐలేష్.

"ఇది నేను కుట్టిన."

అతను నవ్వబోయాడు. "పరాచికాలు ఆడకు అమ్మా, ఇది..."

"నేనే కుట్టిన కొడుకా. ఇగో, మూలకు నా కుట్టు. చిన్నప్పుడు నువ్వు ఏలు పెట్టి లెక్కవెడ్తుంటివి గదా."

ఐలేష్ ఫోన్ పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. రికార్డు ఆపాలన్న ధ్యాస కూడా లేదు అతనికి. అంతవరకు అతని వెంట అరిచినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆటో అడ్డాలో పెద్దమనిషి సిద్దయ్య ముందుకొచ్చి మెల్లగా, "అమ్మా, నీకు తెల్వక కుట్టినవ్. ఈ పిల్ల నిన్ను మోసం జేసింది. గంతే గదా?" అన్నాడు.

అవును అంటే అక్కడితో అయిపోయేది. గుంపంతా ఆ మాట కోసమే చూస్తోంది. ఐలేష్ అందరికంటే ఎక్కువగా చూస్తున్నాడు.

"జెండాలని తెల్వక కుడ్తనా?" అన్నది నర్సింహమ్మ. "కండ్లు కనవడ్తయి నాకు."

అప్పుడు ఆమె స్తుతి వైపు తిరిగింది. "గని ఈ బురద ఎక్కడిది? కడిగిచ్చిన గదనే పిల్లా! గోడకు కడ్తనంటివి. తలాపు తీసుకపోయి చెప్పుల కింద పెడ్తివి!"

స్తుతి తల దించుకోలేదు.

పోలీసు జీపు వచ్చింది. బొంతను సాక్ష్యం కింద మడిచి సంచీలో వేశారు. స్తుతినీ, నర్సింహమ్మనూ ఎక్కించుకున్నారు. ఐలేష్ తన ఆటోలో వెనకే వచ్చాడు.

స్టేషన్ వసారాలో బెంచీ మీద అత్తా, కోడలి వరసైన పిల్లా పక్కపక్కనే కూర్చున్నారు. లోపల ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నాడు ఎస్సై. నర్సింహమ్మ కొంగుతో చేతులకంటిన బురద తుడుచుకుంటూ, "ఎందుకు జేసినవే?" అన్నది.

"ముందు గోడకే అనుకున్న అత్తా. నిజం. గోడకు కట్టి చూసిన కూడ. మస్తు అందంగ ఉండె. దోస్తులు వచ్చి చూసి ఫొటోలు దిగిన్రు. ఎవ్వలకు ఏం అనిపించలే. అవి మోరీలకెల్లి వచ్చినయన్న సంగతే మర్చిపోయిన్రు. నువ్వు మరీ తెల్లగ కడిగినవ్."

"కడుగుడు నా తప్పా?"

"తప్పని గాదు. నేను ఏరినప్పుడు ఎట్లుండెనో అట్లనే చూపెట్టాలనుకున్న. అందుకే అదే మోరీ బురద తెచ్చి పోసిన. ఏడాది పొడుగూత తొక్కుకుంట పోతున్నం, ఒక్కపారి తెలిసి తొక్కుర్రి, లేకుంటే ఆగుర్రి అని గడపల పెట్టిన. తొక్కనోళ్లు కూడ ఉన్నరు అత్తా. ఒకామె చెప్పులిడిసి, వంగి మొక్కి పోయింది. అది ఎవలూ వీడియో తీయలే."

నర్సింహమ్మ ఆ వంగి మొక్కిన మనిషి ఎవరై ఉంటుందా అని ఆలోచించినట్టుంది. "నన్నొక్క మాట అడిగి పోస్తే ఏమాయె?"

"అడిగితే ఒప్పుకుందువా?"

"ఒప్పుకోకపోతుంటి."

"అందుకే అడగలే."

అంత సూటిగా వచ్చిన జవాబుకు నర్సింహమ్మ నిర్ఘాంతపోయింది. కొడుకు అన్న మాట కంటే, గుంపు అరుపుల కంటే, ఇది ఎక్కడో లోతుగా తగిలింది. తన చేతి పనిని మెచ్చుకుని కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్ల, ఆ పని చేసిన మనిషి వద్దంటుందని తెలిసే అడగలేదు. "నువ్వు జెండాను అవమానం జేసినవో లేదో ఆ సారు చెప్తడు" అన్నది. "నన్నైతే జేసినవ్." స్తుతి అప్పుడు తల దించుకుంది.

ఎస్సై లోపలికి పిలిచాడు. మంచిగానే మాట్లాడాడు. జెండాను కావాలని నేల మీద వేసినా, తొక్కినా, కప్పుకునే బట్టలా వాడినా చట్టం ఒప్పుకోదని చెప్పాడు. "చిరిగిన జెండా దొరికితే ఏం జెయ్యాలె సార్ మరి?" అని అడిగింది నర్సింహమ్మ.

"కాల్చెయ్యాలమ్మా. ఎవరూ చూడకుండా, మర్యాదగా."

తను సరిగ్గా విన్నానో లేదో అని ఆమె మళ్లీ అడిగింది. "కాలవెట్టుడా?"

"అవ్. అదే మర్యాద."

నర్సింహమ్మకు బుగ్గయ్య చితి గుర్తొచ్చింది. చచ్చినవాళ్లను గౌరవంగా కాలుస్తాం, అది నిజమే. కానీ వాళ్ల బట్టలు దాచుకుంటాం కదా. బట్టకూ మనిషికీ ఉన్న లెక్క జెండా దగ్గర తిరగబడిందా? కుడితే తప్పు, కాలిస్తే మర్యాద.

వాంగ్మూలం రాసే ముందు ఐలేష్ ఆమెను పక్కకు పిలిచాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"అమ్మా, తెల్వదని చెప్పు. నీ కాళ్లు మొక్కుత. తెల్వదంటే నీ పేరు కేసుల రాదు."

"నువ్వెందుకురా గంత మాటన్నవ్? చేతులు ఇరగ్గొడ్తనంటివి."

"నువ్వని తెల్వదు గదా!"

"నేను గాకపోతే ఇరగ్గొడుదువా? ఇంకెవలవో అయితే?"

ఐలేష్ గోడ మీద పిడికిలితో కొట్టాడు. "నీకు తెల్వదు అమ్మా. ఏడాదంత అందరు నన్ను ఒరేయ్ అంటరు. పోలీసాయన అంటడు, ఎక్కిన పాసింజర్ అంటడు. పంద్రాగస్టు నాడు అడ్డాల జెండా ఎక్కిస్తం జూడు, ఆ పొద్దు ఆ పోలీసాయనే వచ్చి నాకు షేకండిస్తడు. గా ఒక్కనాడే నేను ఈ దేశపోణ్ణి అనిపిస్తది. గా జెండా మీద బూటు అచ్చు చూస్తే నా ఛాతి మీద తొక్కినట్లయింది. ఏమొచ్చిందో నోటికి, అనేసిన."

ఆమె కొడుకు ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఇన్నేళ్లలో అతను ఆ మాట ఆమెతో ఎన్నడూ చెప్పలేదు. "నీ బాధ నాకు సమజైంది బిడ్డా. గని అబద్ధం చెప్పమనకు."

లోపలికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. జెండాలని తెలుసు. కడిగాను, కుట్టాను. గోడకు కడతానన్నది. బురద పోసింది నేను కాదు, పోస్తుందని నాకు తెలియదు. చూసి నాకు మనసు విరిగింది. రాసింది చదివి వినిపిస్తే విని, వేలిముద్ర వేయబోయి, ఆగి, సంతకం చేసింది. వయోజన విద్యలో నేర్చుకున్న సంతకం అది, ముక్కలు ముక్కలుగా వస్తుంది.

స్తుతి మీద కేసు నమోదైంది. స్టేషన్ నుంచే ఇంటికి పంపారు కానీ, వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. చదువు ఒక ఏడాది ఆగింది. ఊళ్లో ఆమె తల్లిదండ్రులతో కొన్నాళ్లు ఎవరూ మాట్లాడలేదు. నర్సింహమ్మను సాక్షిగా రాసుకున్నారు. బొంత పోలీసుల దగ్గరే ఉంది.

ఐలేష్ అదే సాయంత్రం తన వీడియో తీసేశాడు. కానీ అప్పటికే అది ఎన్నో ఫోన్లలోకి పోయింది. ఎవరో వెనక డప్పులు కలిపారు. ఎవరో అతని గొంతును వేరే ఊరి వేరే గొడవకు అతికించారు. ఎల్‌బీ నగర్‌లో పాసింజర్ల కోసం ఆగినప్పుడు పక్క ఆటోలో కుర్రాడి ఫోన్‌లోంచి ఒక్కోసారి వినిపిస్తుంది, "చేతులు ఇరగ్గొట్టాలె" అని. అది తన అమ్మ గురించి అన్న మాట అని అతను ఎవరికి చెప్పాలి? ఒకసారి కిందికి దిగి, ఆ కుర్రాడి ఫోన్ లాక్కుని, మళ్లీ ఇచ్చేసి, ఏమీ అనకుండా బండి తీసుకుని పోయాడట. ఈ సంగతి సిద్దయ్య చెబితే నర్సింహమ్మకు తెలిసింది. కొడుకు చెప్పలేదు. తల్లికి క్షమాపణ కూడా మాటల్లో చెప్పలేదు. వారంలో రెండుసార్లు వస్తున్నాడు ఇప్పుడు. వచ్చి, "ఏం కుడ్తున్నవ్ అమ్మా?" అని అడుగుతున్నాడు. ఆమె ప్రతిసారీ చూపిస్తోంది. అది ప్రేమో, భయమో ఆమెకు ఇంకా తేలలేదు.

మూటలు తగ్గాయి. చీరలిచ్చినవాళ్లు కొందరు కుట్టకముందే వచ్చి వెనక్కి తీసుకుపోయారు. మంజుల మాత్రం వీధిలో ఎవరేమన్నా నర్సింహమ్మ తరఫున కొట్లాడేది.

మొన్న కోహెడ నుంచి ఒకామె వచ్చింది. నీలమ్మ అని పేరు చెప్పింది. అత్త పోయిందట, చీరలు తెచ్చింది. మూట విప్పకుండా గడపలోనే నిలబడి, "జెండాలామె నువ్వేనా?" అని అడిగింది.

"అవ్. నేనే."

"అట్ల చేసుడు తప్పే గదా అక్కా?"

"బురద పోసుడైతే నాకు ఇప్పటికీ గుండెల కలుక్కుమంటది" అన్నది నర్సింహమ్మ. "గని మోరీల పారేసినోళ్లకు లేని తప్పు, ఏరుకొచ్చినోళ్లకు ఎట్ల ఉంటదని ఆ పిల్ల అడిగింది. దానికి ఏం చెప్పాల్నో ఇంకా తెల్వలే. కుట్టుడు తప్పంటే మాత్రం, ఏమో, నా మనసు ఒప్పుతలేదు. కోర్టోళ్లు ఏమంటరో చూడాలె."

నీలమ్మ మూటను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. వెళ్లిపోతుందేమో అనుకుంది నర్సింహమ్మ. కానీ ఆమె లోపలికొచ్చి మూటను చాప మీద పెట్టింది.

"కుట్టు అక్కా. మా ఆయనకు మాత్రం నువ్వు కుట్టినవని చెప్పను."

నర్సింహమ్మకు ఆ మాట ఎక్కడో పొడిచింది. పొమ్మందామనుకుంది, కానీ చెయ్యి మూట మీదికి పోయింది. మూట ముడి విప్పితే పైన ముసలామె నేత చీర, అంచు చిరిగి ఉంది. ఎత్తి వెలుతురుకు పట్టి, ఎంతవరకు పనికొస్తుందో చూడటం మొదలుపెట్టింది.